పంచాయతీ నుంచి ఆక్రమణ నోటీసు వస్తే మీ స్వాధీనాన్ని రుజువు చేసుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో ఏ ఇంటి దొడ్డిని చూసినా, ఏ కొబ్బరి తోటను చూసినా, ఏదో ఒక పక్క పుంతో (బండ్ల బాట), పంటబోదో (పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ), మురుగుకాలువో, ఏటిగట్టో హద్దుగా ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి అల్లుకుంటూ వచ్చిన కాలువల నేల ఇది కాబట్టి, సర్కారు నేలను తాకని కమతం మన వైపు అరుదు. ఆ హద్దులు స్థిరంగానూ ఉండవు. బోదె పూడిక తీసినప్పుడు మట్టిని ఒక పక్కకే పోస్తారు, పుంతను రోడ్డుగా మార్చినప్పుడు ఒక వైపే వెడల్పు చేస్తారు, వరద వచ్చిన ఏడు గట్టు జారుతుంది. ఇరవై ఏళ్ల తరువాత ఒక రోజు పంచాయతీ నుంచో, తహసీల్దారు కార్యాలయం నుంచో, నీటిపారుదల శాఖ నుంచో, మీరు మూడు సెంట్ల పోరంబోకును, అంటే ఉమ్మడి అవసరాలకు ఉంచిన సర్కారు నేలను, ఆక్రమించారని, ఖాళీ చేయాలని నోటీసు వస్తుంది.

మా కుటుంబానికి అటువంటి నోటీసు ఒకసారి వచ్చింది. ఆ తరువాత మా చుట్టుపక్కల ఊళ్లలో అదే కష్టం వచ్చినవారి కాగితాలు సర్దిపెట్టడంలో నేను చాలా ఏళ్లుగా సాయపడుతున్నాను. నేను చూసినంతలో ఈ తగాదాలలో నష్టపోయినవారి దగ్గర కాగితాలు లేకపోలేదు. కాగితంలో రాసి ఉన్న నేల, తాము కాలు మోపి నిలబడిన నేల ఒక్కటేనని వారు చూపలేకపోయారు. మీరు చేయవలసిన పని అంతా ఈ ఒక్క ముడి వేయడం కోసమేనని గుర్తుంచుకొని మొదలుపెట్టండి.

మొదటి పని: నోటీసును అక్షరం అక్షరం చదవడం

నోటీసు చేతికి అందిన తేదీని, తెచ్చినవారి హోదాను దాని వెనకవైపు వెంటనే రాసుకోండి. గడువు ఆ తేదీ నుంచే లెక్క. తరువాత నాలుగు విషయాలు వెతకండి. నోటీసు ఇచ్చిన అధికారి ఎవరు, ఏ చట్టంలోని ఏ సెక్షన్ కింద ఇచ్చారు, భూమి సర్వే నంబరూ విస్తీర్ణమూ ఎంత, ఆ భూమిని ఏ తరగతి పోరంబోకుగా పేర్కొన్నారు. సర్కారు భూమి నుంచి తొలగించడానికి ఎక్కువగా వాడేది 1905 నాటి భూ ఆక్రమణ చట్టం. దాని 7వ సెక్షన్ ప్రకారం ముందుగా సంజాయిషీ అడగాలి, మీ జవాబును పరిశీలించాలి, ఆ తరువాతే 6వ సెక్షన్ కింద తొలగింపు ఉత్తర్వు ఇవ్వాలి. సంజాయిషీ అడగకుండా నేరుగా జేసీబీని పంపితే ఆ చర్య చట్టం ముందు నిలవదు.

సర్వే నంబరు రాయకుండా, ‘మీ ఇంటి పక్క స్థలం’ అని మాత్రమే రాసిన నోటీసులు నేను చూశాను. అటువంటప్పుడు సర్వే నంబరు, విస్తీర్ణం, కొలత పటం ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. నోటి మాటగా అడిగితే అడిగినట్టు రుజువు ఉండదు. నోటీసు తీసుకోవడానికి నిరాకరించవద్దు. గోడకు అంటించి వెళ్లినా అది మీకు అందినట్టే లెక్కిస్తారు, మీ గడువు మాత్రం తగ్గిపోతుంది.

రెండవ పని: ఆ నేల ఏ తరగతిదో తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడవద్దు. భూమి తరగతి తెలియకుండా ఇచ్చిన జవాబు మీకే అడ్డం తిరగవచ్చు. సర్వే నంబరుకు రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు, గ్రామ పటం, ఎఫ్ఎంబీ పటం (ఆ నంబరు కొలతల పటం), ఇప్పటి అడంగల్ (సాగు, అనుభవం నమోదు), వన్‌బీ (హక్కుల రికార్డు) తెప్పించుకోండి. మన వైపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరును ఆర్ఎస్ఆర్ అనే పిలుస్తారు. అడంగల్, వన్‌బీ మీభూమి వెబ్‌సైటులో కనిపిస్తాయి కానీ, కార్యాలయంలో దాఖలు చేయడానికి సంతకం, ముద్ర ఉన్న ధ్రువీకృత నకలే తీసుకోండి.

ఆర్ఎస్ఆర్‌లో ఆ నంబరు ఎదుట పట్టాదారు పేరు ఉంటే మీ పని సగం తేలికవుతుంది. పేరు ఉండవలసిన చోట చుక్కలు మాత్రమే ఉంటే అది చుక్కల భూమి. దాని కోసం 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది, ఆ దారిలో వెళ్లాలి. గ్రామకంఠం, అంటే ఊరి ఇళ్ల నేల, అని ఉంటే ఈ విషయం బాగా తెలుసుకోండి. 1905 చట్టంలోని 2వ సెక్షన్ సర్కారు ఆస్తి ఏదో చెబుతూనే, ఇంటి స్థలంగా, పెరటి స్థలంగా ఇతరుల సొంతమైన నేలను దాని నుంచి మినహాయించింది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ గ్రామ పంచాయతీకి దఖలు పరిచిన పోరంబోకులు పశువుల మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, పశువులు నిలిపే స్థలాలు, బండ్లు నిలిపే స్థలాలు, తోపులు. ఆ జాబితాలో గ్రామకంఠం లేదు. తరతరాలుగా ఇల్లు, పెరడు ఉన్న గ్రామకంఠం పంచాయతీ ఆస్తి కాదని హైకోర్టు అనేక తీర్పులలో చెప్పింది. మీ నేల గ్రామకంఠమైతే మీ జవాబులో మొదటి పేరా ఇదే కావాలి.

అది పుంత పోరంబోకో, కాలువ పోరంబోకో, చెరువో అయితే మాత్రం మీకు నిజం చెప్పక తప్పదు. ఎన్నేళ్లు అనుభవించినా అటువంటి నేల మీద హక్కు నిలబెట్టుకోవడం చాలా కష్టం. ఊరుమ్మడి చెరువులను ఆక్రమించినవారికి క్రమబద్ధీకరణ ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. అప్పుడు మీ వాదన ‘ఈ పోరంబోకు నాది’ అని కాకుండా ‘నేను నిలబడింది పోరంబోకులో కాదు, దాని పక్కనున్న నా జిరాయితీలో (సొంత పట్టా భూమిలో)’ అని ఉండాలి. మన డెల్టాలో ఎక్కువ తగాదాలు నిజానికి ఇదే హద్దు తగాదా.

నదిలోని లంక భూమిని ఏకసాలు (ఒక్క ఏడాది) కౌలుకు తీసుకున్నవారు, డి పట్టా (సర్కారు పేదలకు షరతులతో ఇచ్చే పట్టా) పొందినవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి. వారి స్వాధీనం చట్టబద్ధమే, అయితే అది ఇచ్చిన షరతులకు లోబడి ఉంటుంది. కౌలుదారు తన కౌలును ఎన్నేళ్లు పొడిగించుకున్నా, అనుమతితో ఉన్న అనుభవం యాజమాన్యంగా మారదు. కాబట్టి కౌలు ఉత్తర్వును, చెల్లింపు రసీదులను ముందు పెట్టండి. ‘ముప్పై ఏళ్ల అనుభవం’ అనే మాట ఎత్తవద్దు.

మూడవ పని: కాగితాలను ఏళ్ల వారీగా గొలుసు కట్టడం

స్వాధీనాన్ని ఒక్క పెద్ద దస్తావేజు రుజువు చేయదు. ఏటా పుట్టిన చిన్న కాగితాలు వరుసగా నిలబడి రుజువు చేస్తాయి. అందుకని ఒక తెల్లకాగితం తీసుకొని ఎడమ వైపు సంవత్సరాలు, కుడి వైపు ఆ ఏడాదికి మీ దగ్గరున్న కాగితం రాయండి. ఖాళీలు ఎక్కడున్నాయో అప్పుడు కనిపిస్తుంది. ఖాళీలు నింపడానికే పరుగెత్తాలి తప్ప, ఉన్న ఏడాదికి పదో కాగితం కోసం కాదు.

పాత శిస్తు, నీటి తీరువా రసీదుల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై నుంచి మరుసటి జూన్ వరకు ఒక ఫసలీ, అంటే ఫసలీ 1396 అంటే 1986 జూలై నుంచి 1987 జూన్ వరకు. మా తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన రసీదులలో సరిగ్గా ఆ ఫసలీవే ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. 1986 ఆగస్టు వరద నీరు ఆ పెట్టెలోకి వచ్చింది. వాటిని ఎండలో పెట్టకుండా, నీడన పాత పంచె మీద పరిచి, రెండు రోజుల తరువాత సన్నని వెదురుపుల్లతో ఒక్కొక్కటే విడదీశాము. ఒకదాని మీద కరణం సంతకం సగం చెరిగింది కానీ సర్వే నంబరు నిలిచింది. ఆ ఒక్క నంబరే తరువాత మాకు ఎంతో పనికి వచ్చింది. తడిసిన కాగితాన్ని లామినేషన్ చేయించవద్దు. ముందుగా రెండు వైపులా స్పష్టంగా ఫొటో తీసి, అసలును విడి కవరులో దాచండి.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న కోనసీమ విడి జిల్లా అయింది. కాబట్టి మీ పాత దస్తావేజులో ‘తూర్పు గోదావరి జిల్లా, రాజోలు తాలూకా’ అని, కొత్త నోటీసులో మరొక జిల్లా, మరొక మండలం ఉండటం సహజం. ఈ మార్పును జవాబులో ఒక వాక్యంలో వివరించండి. లేకపోతే రెండూ వేర్వేరు భూములని ఎదుటివారు వాదించే వీలుంటుంది. రీసర్వే జరిగిన గ్రామాలలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. రెండు నంబర్లనూ కలిపి చూపే పట్టిక తప్పనిసరిగా తెప్పించుకోండి.

రిజిస్టరైన దస్తావేజు, దాని లింకు దస్తావేజులు (అంతకుముందు ఆస్తి చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆ ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) మీ హక్కును చూపుతాయి. అడంగల్, శిస్తు రసీదులు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, కుళాయి కనెక్షను, ఇంటి ప్లాను అనుమతి మీ అనుభవాన్ని చూపుతాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేయవద్దు. ఇంటిపన్ను కట్టినంత మాత్రాన యజమాని కారు, అయితే పంచాయతీయే ఏళ్ల తరబడి మీ పేరున పన్ను వసూలు చేసి, ఇప్పుడు ఆ ఇల్లు అక్కడ లేదన్నట్టు మాట్లాడటానికి వీల్లేదు. పంచాయతీ డిమాండు రిజిస్టరులో మీ పేరున్న పేజీల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలోగా జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. 1971 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం హక్కుల రికార్డులోని నమోదు తప్పని రుజువయ్యే వరకు నిజమనే భావిస్తారు. వన్‌బీలో మీ పేరు ఉంటే ఈ మాటను తప్పకుండా రాయండి.

రిజిస్టరు కాని పాత విక్రయ కాగితం మీ దగ్గర ఉంటే చింపవద్దు, దాచవద్దు. అది యాజమాన్యాన్ని ఇవ్వదు. స్టాంపు సుంకం, దాని మీద పది రెట్ల వరకు అపరాధ రుసుము కట్టిన తరువాత మాత్రం అనుభవం ఎప్పుడు, ఎలా మొదలయిందో చూపడానికి కోర్టు దానిని చూడవచ్చు. ఎప్పుడో మీ పెద్దలు బి మెమో (ఆక్రమణదారుకు ఇచ్చే డిమాండు కాగితం) కింద శివాయి జమ (అనుమతి లేని అనుభవం మీద వసూలు చేసే పన్ను) కట్టిన రసీదు దొరికితే, న్యాయవాదికి చూపించకుండా దాఖలు చేయవద్దు. అది అనుభవాన్ని రుజువు చేస్తుంది, అదే సమయంలో ఆ నేల సర్కారుదని మీరు ఒప్పుకున్నట్టు కూడా చదువుతారు.

నాలుగవ పని: నేలను కాగితంతో కలపడం

మీసేవలో ఎఫ్‌లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి మీ నంబరు కొలిపించండి. సర్వేయరు వచ్చే రోజున పక్క రైతులను, పంచాయతీ కార్యదర్శిని, అవసరమైతే నీటిపారుదల శాఖవారిని రమ్మని ముందుగా రాతపూర్వకంగా తెలియజేయండి. వారు రాకపోయినా, పిలిచామన్న రుజువు మీ దగ్గర ఉంటుంది. కొలత ఎక్కడ నుంచి మొదలుపెట్టాలన్నదే అసలు ప్రశ్న. రోడ్డు అంచు నుంచి కొలిస్తే, రోడ్డు ఎటు జరిగిందో అటే మీ హద్దూ జరుగుతుంది. పాత సర్వే రాయి నుంచి, లేదా గ్రామ పటంలో కనిపించే మూడు హద్దుల కూడలి రాయి నుంచి కొలవమని పట్టుపట్టండి.

మా విషయంలో ఆ రాయి కనిపించలేదు. ఎఫ్ఎంబీలో ఉన్న లింకుల లెక్క ప్రకారం కొలుచుకుంటూ వెళితే అది మా పాత కొబ్బరి డొక్కల పోగు కింద ఉండాలని తేలింది. పోగు తొలగించి మోకాలి లోతు తవ్వాక, తల మీద ఉలిగుర్తు ఉన్న నల్లరాయి కనిపించింది. దాని నుంచి కొలిస్తే, ఆక్రమణ అన్న మూడు సెంట్లలో ముప్పాతిక సెంటు మాత్రమే పుంతలోకి వెళ్లిందని, మిగిలినది మాదేనని తేలింది. ఆ ముప్పాతిక సెంటులోని కంచెను మేమే తీసేశాము. అది పట్టుకొని కూర్చుని ఉంటే మిగతాది కూడా పోయేదని ఇప్పటికీ నా నమ్మకం.

పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకులలో ఉంటాయి. ఒక గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ లెక్క మీకే తెలిసి ఉంటే సర్వేయరు నివేదికలోని పొరపాటును అక్కడికక్కడే పట్టుకోవచ్చు.

దస్తావేజులో విస్తీర్ణం ఒకటి, చతుస్సరిహద్దులు మరొకటి చెబుతుంటే సాధారణంగా సరిహద్దులకే కోర్టులు ఎక్కువ విలువనిస్తాయి. ‘తూర్పు: పుంత, దక్షిణం: పంటబోదె’ అని రాసి ఉంటే, ఆ పుంత వెడల్పు పాత పటంలో ఎంత, ఇప్పుడు ఎంత అన్నదే మీ కేసు. రీసర్వేలో మీ హద్దు తప్పుగా వచ్చి ఉంటే ఊరుకోవద్దు. 1923 సర్వే, సరిహద్దుల చట్టం 13వ సెక్షన్ కింద ప్రకటన వెలువడిన తేదీ నుంచి మూడేళ్లలోగా 14వ సెక్షన్ కింద సివిల్ దావా వేయవలసి ఉంటుంది.

పొరుగువారి మాట, చెట్ల వయసు, ఫొటోలు కూడా పనికి వస్తాయి. ఆ నేలతో లావాదేవీ లేని పెద్దవారు ఇద్దరు ఇచ్చే ప్రమాణ పత్రం, మీ బంధువులు పది మంది ఇచ్చేదాని కంటే బలమైనది. ఫోనులో తీసిన ఫొటోలను, వీడియోలను కోర్టులో పెట్టేటప్పుడు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జత చేయాలి. అందుకని ఆ ఫోనును పారేయవద్దు, అసలు ఫైళ్లను చెరపవద్దు.

ఐదవ పని: జవాబు రాయడం

జవాబు గడువులోపల ఇవ్వాలి. సమయం చాలకపోతే, కాగితాల కోసం దరఖాస్తు పెట్టామని రసీదులు జతపరిచి, గడువు పెంచమని కోరుతూ ముందు ఒక చిన్న జవాబు ఇవ్వండి. అసలు జవాబులో భూమి వివరం, మీకు ఎలా వచ్చింది, ఎప్పటి నుంచి అనుభవిస్తున్నారు, నోటీసులోని ఏ మాట తప్పు అన్న వరుసలో రాయండి. ప్రతి వాక్యానికీ జతపరచిన కాగితం నంబరు వేయండి. కోపం, రాజకీయం, ఊరిలోని వేరే ఆక్రమణల ప్రస్తావన వద్దు. ‘పక్కవాడూ ఆక్రమించాడు’ అంటే మీరూ ఆక్రమించినట్టు ఒప్పుకున్నట్టే. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వవద్దు, నకళ్లే ఇచ్చి మరొక ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి నిరాకరిస్తే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదును, చేరిన వివరాన్ని భద్రపరచండి.

‘సర్కారుదే అయినా ముప్పై ఏళ్లుగా నాదే’ అనే వాదన గురించి ఒక మాట. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ప్రభుత్వం తన భూమి కోసం దావా వేయడానికి 30 ఏళ్ల గడువు ఉంది, పంచాయతీ వీధి స్థలానికీ అంతే. ఈ వాదనకు అనుభవం బహిరంగంగా, ఎడతెగకుండా, యజమాని హక్కును ధిక్కరిస్తూ సాగి ఉండాలి. కొనుగోలు హక్కును చెబుతూ అదే జవాబులో దీన్నీ కలిపితే రెండూ బలహీనపడతాయి.

ఆరవ పని: ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే

ఉత్తర్వు నకలు అందిన రోజే అప్పీలు గడువును న్యాయవాదితో సరిచూసుకోండి. హక్కు గురించి నిజమైన వివాదం ఉన్నప్పుడు, 1905 చట్టం కింద సంక్షిప్త విచారణతో ఖాళీ చేయించకూడదని, ప్రభుత్వం సివిల్ కోర్టుకే వెళ్లాలని సుప్రీంకోర్టు 1982లో తుమ్మల కృష్ణారావు కేసులో చెప్పింది. మీ అప్పీలుకు ఇదే ఆధారం. కట్టడాల కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు మరొక ఆధారం. అయితే రోడ్డు, నది, నీటి వనరుల మీద ఉన్న అక్రమ కట్టడాలకు ఆ తీర్పు రక్షణ ఇవ్వలేదని గమనించండి.

నోటీసు ఇవ్వకుండా తొలగించబోతే అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయవచ్చు. నేల ఎవరిదన్న వాస్తవాన్ని మాత్రం హైకోర్టు సాధారణంగా తేల్చదు, దానికి మీ ఊరి పరిధిలోని సివిల్ కోర్టుకే రావాలి. హక్కును ఎదుటివారు ప్రశ్నిస్తుంటే వట్టి ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) దావా చాలదని, హక్కు ప్రకటన కూడా కోరాలని 2008లో అనాతుల సుధాకర్ కేసు తీర్పు చెబుతుంది. ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందస్తు నోటీసు కావాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయవచ్చు. హద్దు తేలవలసి ఉంటే కోర్టు తరఫున నేలను చూసివచ్చే అడ్వకేటు కమిషనరును సర్వేయరుతో పంపమని అదే కోడ్‌లోని ఆర్డర్ 26, రూల్ 9 కింద కోరండి.

మహిళలకు, షెడ్యూల్డ్ కులాల, తెగలవారికి 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయసేవల కమిటీకి దరఖాస్తు ఇవ్వవచ్చు.

మీకు అనుకూలంగా ఉత్తర్వో డిక్రీయో వచ్చాక మూడు ధ్రువీకృత నకళ్లు తీసుకోండి. ఒకటి తహసీల్దారుకు ఇచ్చి అడంగల్, వన్‌బీ సరిచేయించుకోండి. ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి ముద్ర వేయించుకోండి. మూడవది మీ పెట్టెలో ఉండాలి. ఆ వారంలోనే సర్వేయరును పిలిపించి, కొలిచిన చోట రాళ్లు పాతించి, ఒక్కొక్క రాయి పక్కన మీరు, ఆ వైపు పొరుగువారు నిలబడిన ఫొటో తీయించి, తేదీతో పాటు ఆ నకలుకే జతపరచండి.